వైరు కోయకుండా కారు స్టీరియో మార్చుకోవడం ఎలా

కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియో తీసేసి కొత్తది పెట్టుకోవడానికి షాపుకే వెళ్లాల్సిన పని లేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చి, మల్టీమీటరులో వోల్టులు చదవగలిగితే చాలు. ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి పాట వినొచ్చు. నేను ఐటీఐలో వైర్‌మన్ ట్రేడ్ చెప్తాను. ఉండేది గుంటూరు. మా 2012 మోడల్ స్విఫ్ట్ జెడ్‌డీఐలో సీడీ ప్లేయర్ ఉండేది. బ్లూటూత్ లేదు, మ్యాప్ చూడాలంటే ఫోన్ చేతిలోకి తీసుకోవాలి. దాన్ని తీసేసి, ఫోన్ కలిపితే మ్యాప్ కనిపించే టచ్ స్క్రీన్ పెట్టాను. ఎలా పెట్టానో మొత్తం చెప్తాను.

ఈ పనిలో నేను పట్టుబట్టేది ఒక్కటే. కారులో కంపెనీ వేసిన వైరింగులో ఒక్క తీగ కూడా కోయకూడదు.

ఎందుకంత పట్టుదల అంటే, మాతో పనిచేసే ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన కారు విప్పి చూశాను. బయట ఎక్కడో స్టీరియో పెట్టించుకున్నారు. పెట్టినవాళ్లు కంపెనీ కప్లర్ (స్టీరియో తీగలన్నీ ఒకేసారి తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) కోసేసి, తీగలు మెలిపెట్టి, పైన మామూలు నల్ల టేపు చుట్టారు. మన ఎండాకాలంలో, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు వెనక ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. ఆ వేడికి టేపు జిగురు కరిగి, టేపు జారిపోయింది. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పసుపు తీగ జాయింటు బయటపడి, ఇనుప బ్రాకెట్టుకి అంగుళం దూరంలో ఊగుతోంది. తగిలితే ఫ్యూజు పోవాలి, నిజమే. కానీ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో అప్పటికే 30 ఆంపియర్లది పెట్టారు. అలాంటప్పుడు ఫ్యూజు కంటే ముందు తీగ వేడెక్కుతుంది. కార్లలో మంటలు రావడానికి ఇది నిజమైన కారణం.

కప్లర్ కోస్తే ఇంకో నష్టం కూడా ఉంది. కారు వారంటీలో ఉంటే, కరెంటు సంబంధమైన ఏ రిపేరుకి వెళ్లినా మీరు వైరింగు కోశారనే మాట వస్తుంది. కారు అమ్మేటప్పుడు పాత స్టీరియో తిరిగి పెట్టడం కూడా కుదరదు. ఇంతా చేసి, కోయకుండా పని చేయించే అడాప్టర్ కప్లర్ చాలా చవక వస్తువు. ఒక చివర మీ కారు కంపెనీ కప్లర్‌లోకి నొక్కితే పడుతుంది, రెండో చివర నుంచి విడి తీగలు వస్తాయి. మీ జాయింట్లన్నీ ఆ విడి తీగల మీదే. కారు వైరింగు కారుదే.

కొనే ముందు

సైజు సంగతి ముందు తేల్చుకోండి. స్టీరియో కూర్చునే గూటికి జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు మీద డిన్ అనే కొలత ఉంది. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ అదే వెడల్పు, ఎత్తు 100. టయోటా కార్లలో గూడు 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి పక్కల సందుకి పట్టీలు కావాలి. షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్లు ఏ డిన్‌లోనూ పట్టవు. వాటికి ఒక్కో కారుకి ఒక్కో ఫ్రేమ్ వస్తుంది.

మా స్విఫ్ట్ లాంటి కార్లలో కంపెనీ స్టీరియో ముఖం డ్యాష్‌బోర్డు వంపులతో కలిసిపోయి ఉంటుంది. దాన్ని తీస్తే మిగిలేది చదరపు గూడు కాదు, పెద్ద ఖాళీ. అందుకే స్టీరియోతో పాటు ఆ కారు, ఆ మోడల్ సంవత్సరానికి తగిన ఫ్రేమ్ కొనాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అడిగితే ఫ్రేమ్, కప్లర్ రెండూ దొరుకుతాయి. కారు పేరు ఒక్కటే చెప్పకండి, సంవత్సరం కూడా చెప్పండి. స్విఫ్ట్ అనే పేరుతో వచ్చిన కార్ల డ్యాష్‌బోర్డులు తరం మారేసరికి పూర్తిగా మారిపోయాయి.

ఇక ఏ రకం స్టీరియో? రెండు దారులున్నాయి. ఒకటి, తనలోనే ఆండ్రాయిడ్ ఉండే స్క్రీన్. అదొక చిన్న ట్యాబ్లెట్ లాంటిది, మెమరీ తక్కువైతే రెండేళ్లకి నత్తనడక మొదలుపెడుతుంది. రెండోది, సోనీ, పయనీర్, జేవీసీ, కెన్‌వుడ్ లాంటి కంపెనీల రిసీవర్లు. వీటిలో ఫోన్‌లోని మ్యాపు, పాటలు స్క్రీన్ మీదకి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్‌కైతే కార్‌ప్లే ఉంటాయి. బుర్ర పని అంతా ఫోన్ చేస్తుంది, స్క్రీన్ చూపిస్తుంది. ఫోన్ మారితే స్టీరియో కూడా కొత్తదైనట్టే. నేను రెండో దారే ఎంచుకున్నాను, మీకూ అదే చెప్తాను. ఇంకో మాట, సౌండు తగ్గించడానికి తిప్పే నాబ్ ఉన్న మోడల్ దొరికితే వదలొద్దు. స్క్రీన్ మీద గీత వెతుక్కుని వేలు జరపాలంటే కళ్లు రోడ్డు మీద నుంచి పక్కకి పోతాయి. నాబ్ అయితే చూడకుండానే చెయ్యి వెళ్తుంది.

డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె ఎక్కడ నుంచి వచ్చిందో మా ఐటీఐ పిల్లలకి బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు 14.4 వోల్టులు అనుకుందాం. స్పీకరు 4 ఓములు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.84. ఇదే ఆ 50 వాట్లు. కానీ ఆ లెక్క నిజం కావాలంటే సౌండు చదరపు తరంగంలా పూర్తిగా చీలిపోయి రావాలి. శుభ్రమైన సైన్ తరంగం అయితే అందులో సగం, 26 వాట్లే పైహద్దు. లోపలి నష్టాలు పోను చేతికి వచ్చేది 15 నుంచి 20 వాట్ల దాకా. కాబట్టి 50 వాట్లదీ 55 వాట్లదీ పక్కపక్కన పెట్టి ఎక్కువ ఉన్నదానికి డబ్బులు పెట్టకండి. స్పెసిఫికేషన్లలో ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగలిగే వాట్లు) అని రాసిన అంకె చూడండి. కారులో కూర్చుని పాటలు వినడానికి ఆ పదిహేను ఇరవై వాట్లు చాలా ఎక్కువే.

ఇప్పుడు ఏ కార్ల జోలికి వెళ్లకూడదో కూడా చెప్పాలి. ఏసీ కంట్రోళ్లు, డోర్ లాక్ సెట్టింగులు, 360 డిగ్రీల కెమెరా అన్నీ కంపెనీ స్క్రీన్ మీదే నడిచే కొత్త కార్లున్నాయి. వాటిలో స్క్రీన్ పీకేస్తే పోయేది పాటలొక్కటే కాదు. అలాంటివి, వారంటీలో ఉన్నవి కంపెనీ డీలరు దగ్గర అడగకుండా ముట్టుకోవద్దు.

సామాన్లకి పెద్ద జాబితా ఏమీ లేదు. స్టీరియో, ఫ్రేమ్, అడాప్టర్ కప్లర్, యాంటెనా పిన్ వేరుగా ఉంటే దాని అడాప్టర్. పనిముట్లలో స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబరు స్పానరు, ప్యానెల్ విప్పే ప్లాస్టిక్ పట్టీలు, మల్టీమీటరు, కటింగ్ ప్లేయరు, సోల్డరింగ్ ఐరన్, వేడి చేస్తే తీగకి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవులు, గుడ్డ టేపు. ప్లాస్టిక్ పట్టీలు లేవని స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ పైకి లేపితే అంచు మీద పడిన గాటు కారు ఉన్నన్నాళ్లూ కనిపిస్తుంది.

విప్పడం

కారు చదునైన చోట పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి. తాళం తీసి జేబులో పెట్టుకోండి. బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ 10 నంబరు స్పానరుతో వదులు చేసి పక్కకి తీయండి. పాజిటివ్ ముట్టుకోవద్దు. నెగటివే ముందు ఎందుకంటే, పాజిటివ్ విప్పుతుండగా స్పానరు బాడీకి తగిలితే బ్యాటరీ షార్ట్ అవుతుంది. నెగటివ్ విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలినా ఏమీ కాదు, నెగటివ్, బాడీ రెండూ ఒకటే కాబట్టి.

ఎయిర్‌బ్యాగులున్న కారు అయితే నెగటివ్ తీశాక కనీసం రెండు నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలులో ఉన్న కెపాసిటర్లు ఖాళీ కావాలి. డ్యాష్‌బోర్డు వెనక పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని పీకొద్దు, మీటరు పుల్లలు పెట్టొద్దు. మీటరు ఓముల మీద ఉన్నప్పుడు అది కూడా చిన్న కరెంటు పంపుతుందని గుర్తుంచుకోండి.

బ్యాటరీ తీస్తే గడియారం, ట్రిప్ మీటరు సున్నా అవుతాయి, అది మామూలే. కొన్ని కార్లలో మాత్రం కరెంటు పోయి వచ్చాక పాత స్టీరియో కోడ్ అడుగుతుంది. ఆ నంబరు కారు కాగితాల్లో ఉందో లేదో విప్పక ముందే చూసుకోండి. కారు అమ్మేరోజు పాతది తిరిగి పెట్టినప్పుడు అవసరం పడుతుంది.

ప్యానెల్ చుట్టూ డ్యాష్‌బోర్డు మీద గీత పడకుండా పేపరు టేపు అంటించండి. గేర్ రాడ్డు మీద, దాని చుట్టూ పాత తువ్వాలు పరవండి. కింద పడిన స్క్రూ గేర్ బూటు సందులోకి దొర్లితే దాన్ని వెతకడానికి కన్సోల్ విప్పాలి. ప్లాస్టిక్ పట్టీ సందులో దూర్చి, ఒక మూల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా లేపండి. లోపల క్లిప్పులు టప్ టప్‌మని వదులుతాయి. ఒకే చోట బలంగా లాగొద్దు. ఎక్కడైనా మొండికేస్తే అక్కడ స్క్రూ ఉన్నట్టు. టార్చి వేసి చూడండి, ఏసీ నాబ్‌ల కిందో, చిన్న మూత వెనకో ఉంటుంది. ప్లాస్టిక్ చల్లగా ఉంటే గట్టిపడి విరుగుతుంది కాబట్టి డిసెంబరు పొద్దుట పని మొదలుపెట్టేముందు కారుని అరగంట ఎండలో ఉంచండి.

ప్యానెల్ చేతిలోకి వచ్చింది కదా అని గబుక్కున లాగొద్దు. చాలా కార్లలో హజార్డ్ స్విచ్ ఇదే ప్యానెల్ మీద ఉండి, వెనక దాని కప్లర్ తగులుకుని ఉంటుంది. దాని నాలుక నొక్కి ఊడదీయండి. స్టీరియో పక్క బ్రాకెట్లకి నాలుగు స్క్రూలు. అవి తీస్తే స్టీరియో ముందుకి జారి వస్తుంది. వెనక పెద్ద కప్లర్, లావుపాటి యాంటెనా తీగ. కప్లర్ తీసేటప్పుడు నాలుక నొక్కి కప్లర్‌ని పట్టి లాగండి, తీగలు పట్టి లాగకండి. ఒక్కో అడుగూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. స్క్రూలు ఏ చోటువి ఆ చోటు పేరు రాసిన కాగితం మీద పెట్టండి, పొడవు తేడా ఉంటుంది.

పాత స్టీరియో, దాని బ్రాకెట్లు, స్క్రూలు ఒక అట్టపెట్టెలో పెట్టి కారు నంబరు రాసి అటక మీద పెట్టేయండి.

ఏ తీగ ఏమిటి

ఈ భాగమే అసలు పని. ఇక్కడ తొందరపడొద్దు.

మా పెద్దమ్మాయి టార్చి పట్టుకుని పక్కన కూర్చుంది. కారు కప్లర్ తీగలు, కొత్త స్టీరియో తీగలు రెండూ చూసి, "నాన్నా, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపేస్తే సరిపోదా?" అంది. సరిపోదమ్మా అని మీటరు చేతికిచ్చాను. బయట కొనే స్టీరియోల తీగల రంగులకి ఒక ఒప్పందం ఉంది, దాదాపు అన్ని కంపెనీలూ పాటిస్తాయి. కారు కంపెనీలు మాత్రం ఎవరి రంగులు వాళ్లవే. కారు వైపు ఎరుపు తీగ స్పీకరుది కావచ్చు, లైటుది కావచ్చు. రంగు నమ్మితే స్టీరియో కాలుతుంది. మీటరునే నమ్మాలి.

ముందు స్టీరియో వైపు రంగులు చెప్తాను. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు. స్టేషన్లు, సెట్టింగులు గుర్తుంచుకునేది దీనితోనే, సౌండుకి కావలసిన పెద్ద కరెంటు కూడా దీని నుంచే వెళ్తుంది. ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, స్టీరియోని లేపడానికి మాత్రమే. నలుపు ఎర్త్, అంటే కారు బాడీకి కలిసేది. నారింజ రంగుది పార్కింగ్ లైట్లు వేసినప్పుడు స్క్రీన్ వెలుతురు తగ్గించడానికి. నీలం తీగ యాంటెనాకి 12 వోల్టులు పంపుతుంది. నీలం మీద తెల్ల గీత ఉన్నది బయట ఆంప్లిఫయరు పెడితే దాన్ని ఆన్ చేయడానికి. స్పీకర్లలో ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద రంగు, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. ప్రతి జతలో నల్ల గీత ఉన్నది మైనస్. అయినా డబ్బాలో వచ్చిన కాగితంతో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు కారు వైపు. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, బ్యాటరీ నెగటివ్ తిరిగి తగిలించండి. మీటరు నల్ల పుల్ల కారు బాడీ ఇనుముకి ఆనించి, ఎర్ర పుల్లతో కప్లర్ పిన్నులు ఒక్కొక్కటీ ముట్టించండి. పక్కపక్క పిన్నులు రెండూ ఒకేసారి తగలకుండా చూసుకోవాలి. పుల్ల చివర కొంచెం వదిలి మిగతాదానికి స్లీవు తొడిగితే ఆ భయం ఉండదు. తాళం లేకుండానే 12 వోల్టులు పైన చూపించేది పసుపుకి వెళ్లాలి. తాళం మొదటి మెట్టుకి తిప్పితే వచ్చి, తీస్తే పోయేది ఎరుపుకి. పార్కింగ్ లైట్లు వేస్తే వచ్చేది నారింజకి.

ఎర్త్, స్పీకర్లు చూడాలంటే మళ్లీ నెగటివ్ తీసేయండి. మీటరు ఓముల మీద పెట్టండి. బాడీకీ పిన్నుకీ మధ్య సున్నాకి దగ్గరగా చూపిస్తే ఎర్త్. స్పీకరు జత అయితే రెండు పిన్నుల మధ్య 3 నుంచి 4 ఓములు వస్తుంది. ఆ రెండింటిలో ఏదీ బాడీకి కలవకూడదు. జత దొరికాక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని ఆ రెండు పిన్నులకీ ఒక్క క్షణం తాకించండి. ఏ డోరులో టప్ అని వినిపిస్తే ఆ డోరు స్పీకరు. జాలీ వెనక స్పీకరు కాగితం కదలడం కనిపిస్తే ఇంకా మంచిది. సెల్ ప్లస్ తగిలిన పిన్ను ప్లస్ అయితే కాగితం బయటికి వస్తుంది. తిరగబడితే లోపలికి పోతుంది. పక్కన ఒకరుండి చెవి పెడితే ఈ పని చకచకా అయిపోతుంది, మాకు అలాగే అయింది. మీరు కొన్న అడాప్టర్ కప్లర్ మీద అన్నీ రాసి ఉన్నా ఈ పరీక్ష మానొద్దు. చవక కప్లర్లలో రంగులు తారుమారు కావడం నేను చూశాను.

స్పీకరు మైనస్ గురించి ఒక హెచ్చరిక. పాత ఇళ్లలో టేప్ రికార్డర్ స్పీకర్లకి మైనస్‌లన్నీ ఒక్కటిగా కలిపేసేవాళ్లు. కారు స్టీరియోలో అలా చేస్తే లోపలి ఆంప్లిఫయరు ఐసీ పోతుంది. ఇందులో ఒక్కో స్పీకరుకి వెళ్లే రెండు తీగలనీ ఆంప్లిఫయరే నడుపుతుంది. మామూలు రకం యూనిట్ ఆన్‌లో ఉన్నప్పుడు ఏ స్పీకరు తీగ కొలిచినా బాడీకి దానికి మధ్య బ్యాటరీ వోల్టేజిలో సుమారు సగం కనిపిస్తుంది. అది ఎర్త్‌కి తగిలిందంటే నేరుగా షార్ట్. ఇందాకటి లెక్కలో 12 వోల్టుల కారులో అన్ని వాట్లు రావడానికి కారణం కూడా ఈ పద్ధతే.

కలపడం

జాయింట్లు కారులో వంగి చేయాల్సిన పని లేదు. అడాప్టర్ కప్లర్, స్టీరియోతో వచ్చిన తీగల గుత్తి రెండూ ఇంట్లో బల్ల మీద పెట్టుకుని కలపండి. ముందు స్లీవు ముక్క తీగకి తొడగండి, తర్వాత మెలిపెట్టి సోల్డర్ చేయండి, ఆరాక స్లీవు జాయింటు మీదకి జరిపి వేడి చేయండి. సోల్డరింగ్ అలవాటు లేకపోతే క్రింపింగ్ కనెక్టర్లు వాడండి. నొక్కాక తీగ పట్టి లాగి చూడండి, ఊడకపోతే సరే. జాయింట్లన్నీ ఒకే చోట కాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చేలా వేస్తే గుత్తి లావెక్కదు. వాడని తీగ ఒక్కోదాని కొనకి విడిగా స్లీవు వేసి మూయండి. అన్నీ కలిపి ఒకే టేపులో చుట్టొద్దు.

లేత ఆకుపచ్చ తీగ ఒకటి హ్యాండ్ బ్రేక్ స్విచ్‌కి వెళ్లాలి. బండి ఆగి ఉన్నప్పుడే వీడియో కనిపించడానికి పెట్టిన ఏర్పాటు అది. చాలాచోట్ల దాన్ని ఎర్త్‌కి కలిపేసి, నడుపుతుండగా కూడా సినిమా వచ్చేలా చేస్తారు. నేను చేయలేదు, ఎవరు అడిగినా చేయను. గుంటూరు, విజయవాడ మధ్య హైవే మీద ఎదుటి బండి బ్రేక్ వేసిన క్షణంలో డ్రైవరు కన్ను స్క్రీన్ మీద ఉండకూడదు.

స్టీరింగ్ మీద సౌండు బటన్లున్న కార్లలో రెండు పద్ధతులున్నాయి. మా కారులో బటన్లు రెసిస్టెన్స్ పద్ధతి. ఒక్కో బటన్ నొక్కితే ఒకే తీగ మీద ఒక్కో ఓముల విలువ వస్తుంది. స్టీరియోలో బటన్లు నేర్పించే మెనూ ఉంటే ఆ తీగ స్టీరియోలో ‘కీ’ అని పేరున్న తీగకి కలిపి, ఒక్కో బటన్ నొక్కి పట్టుకుని ఇది సౌండు పెంచేది, ఇది పాట మార్చేది అని చెప్పాలి. అలాంటి మెనూ లేని యూనిట్లకి మధ్యలో స్టీరింగ్ అడాప్టర్ డబ్బా కావాలి. క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు) ద్వారా బటన్లు నడిచే కార్లకి ఆ కారు కోసమే చేసిన డీకోడర్ తప్పనిసరి. అక్కడ తీగలు పట్టుకుని ఊహించొద్దు.

ఫోన్ మాటలకి వచ్చే మైకు స్టీరింగ్ వెనక కవరు మీద, ఏసీ గాలి తగలని చోట అంటించండి. ముందు అద్దం పక్క స్తంభం వెంట తీగ తీసుకెళ్తే, అందులో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో తీగ బ్యాగుకి అడ్డం రాకుండా వెనక నుంచి పోవాలి. వెనక కెమెరా కావాలంటే దాని కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకుని, వీడియో తీగ డోరు కింది ప్లాస్టిక్ పట్టీల లోపల నుంచి ముందుకి తెచ్చుకోవాలి. అది ఇంకో పూట పని.

మూసే ముందు

ఫ్రేమ్ బిగించకుండా, స్టీరియోని తువ్వాలు మీద వేలాడదీసి అన్నీ తగిలించండి. యాంటెనా మరిచిపోవద్దు. బ్యాటరీ నెగటివ్ పెట్టి తాళం తిప్పండి.

స్క్రీన్ వెలిగిందా? సౌండుని కుడి ఎడమలకి జరిపే బ్యాలెన్స్, ముందు వెనకలకి జరిపే ఫేడర్ తిప్పి ఒక్కో స్పీకరు ఒంటరిగా విని, చెప్పిన మూలే మోగుతోందా చూడండి. తర్వాత మధ్యలో పెట్టి, మద్దెల బాగా వినిపించే పాట వేయండి. ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తిరగబడితే కింది సౌండు పలచబడి, పాడేవాళ్ల గొంతు ఎదురుగా నిలబడకుండా ఎటో చెదిరినట్టుంటుంది. తాళం తీసి మళ్లీ పెట్టండి. సెట్టింగులు, స్టేషన్లు పోయాయంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయి. ఎఫ్ఎం పెట్టి చూడండి. మాకు గుంటూరులో విజయవాడ ఆకాశవాణి 102.2 శుభ్రంగా రావాలి. గరగర వస్తోంది, పాత స్టీరియోకి రాలేదు అంటే యాంటెనాకి కరెంటు అందడం లేదు, నీలం తీగ చూడండి. చాలా కార్ల యాంటెనాలో చిన్న బూస్టర్ ఉంటుంది, కరెంటు లేకపోతే అది సిగ్నల్‌ని పెంచకపోగా అడ్డుపడుతుంది.

ఇంజిన్ వేయండి. ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో కూత పెరిగితే ఎర్త్ సరిగా లేదు. నలుపు తీగని శుభ్రమైన ఇనుము మీద, పెయింటు లేని చోట బోల్టు కింద బిగించి మళ్లీ వినండి. ఫ్యూజు పోతే, పోయిన విలువదే పెట్టండి, పెద్దది పెట్టొద్దు. రెండోసారీ పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, అది దొరికేదాకా మూయకండి.

అన్నీ సరిగా ఉంటే మళ్లీ బ్యాటరీ నెగటివ్ తీసి, తీగల గుత్తికి గుడ్డ టేపు చుట్టండి. దీనివల్ల గతుకుల రోడ్డు మీద లోపల గలగలమనదు, ఎండకి జిగురు కారదు. గుత్తిని స్టీరియో వెనక కుక్కకుండా కింద ఖాళీలోకి వదలండి. వెనక నలిగిన తీగ మీద ఇనుప అంచు రాసుకుంటే కొన్ని నెలల్లో తోలు తెగుతుంది. స్టీరియోని తోసేటప్పుడు చివర కొంచెం ఎదురు తంతే బలం పెట్టకుండా వెనక్కి తీసి గుత్తి సర్దండి. ప్యానెల్ క్లిప్పులేవైనా డ్యాష్‌బోర్డులోనే ఉండిపోతే వాటిని లాగి ప్యానెల్‌కి తగిలించి, అప్పుడు నొక్కండి. హజార్డ్ లైట్లు వేసి చూడండి.

ఒక్క కొలత మిగిలింది, ఇది చాలామంది చేయరు. కొన్ని స్టీరియోలు ఆపాక కూడా నిద్రపోకుండా బ్యాటరీ తాగుతూ ఉంటాయి. కారు వారం రోజులు కదలకపోతే స్టార్ట్ కాదు. తాళం తీసి, డోర్లు మూసి, బానెట్ మాత్రం ఎత్తి ఉంచండి. మీటరు 10 ఆంపియర్ల మీద పెట్టి, ఎర్ర పుల్ల ఆ ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. నెగటివ్ టెర్మినల్ తీసి, బ్యాటరీకీ ఆ తీగకీ మధ్యలో మీటరు పెట్టండి. ఆ సమయంలో డోరు తీయొద్దు, ఇంజిన్ వేయొద్దు, మీటరు కాలిపోతుంది. మొదట అంకె ఎక్కువ ఉంటుంది. కొంతసేపటికి కారులోని కంప్యూటర్లన్నీ నిద్రలోకి పోయి అంకె తగ్గుతుంది. చిన్న కార్లలో 0.05 ఆంపియర్ల కింద నిలబడితే ఇబ్బంది లేదు, మీటరు తీసి టెర్మినల్ బిగించండి. తగ్గకపోతే స్టీరియో వెనక ఉన్న ఫ్యూజు తీసి మళ్లీ కొలవండి. తీయగానే అంకె పడిపోతే తప్పు కొత్త యూనిట్‌ది. ముందు ఎరుపు తీగ నిజంగా తాళంతో ఆగిపోయే కరెంటుకే కలిపారో లేదో చూసుకుని, అది సరిగానే ఉంటే బిల్లు తీసుకుని షాపుకి వెళ్లి మార్పించుకోండి.